లెక్క తెలిసిన ప్రచారము

మెదక్ అను పేరు మెతుకు అను మాటనుండి వచ్చినదని ఈ ప్రాంతపు పెద్దలు చెప్పుదురు. పట్టణమున కొండపై నున్న పాతకోటను మెతుకు దుర్గమనుట నేటికిని వాడుకలో కలదు. మంజీరానదిపై కట్టిన ఘనపురము ఆనకట్ట క్రింద వరి పండుచున్నది. ఆ వరిని అమ్ముకొనుటకు రైతు ప్రకటనలు చేయనక్కర లేదు. కోత కాగానే స్వగ్రామములోనో, పొరుగు గ్రామములోనో కొనుగోలు కేంద్రము తెరువబడును. మద్దతు ధర ముందుగనే తెలిసియుండును. తేమయు, తాలును చూచి తూకము వేయుదురు. అచ్చట మాట నేర్పరితనముతో పని లేదు.

కాని మన పల్లెలలో వరి ఒక్కటియే పుట్టుట లేదు. స్త్రీల పొదుపు సంఘములవారు ఆవకాయ, అప్పడములు, కారము, పసుపు, జొన్న రొట్టెలు, చిరుధాన్యముల పిండి మున్నగునవి తయారు చేయుచున్నారు. కూరగాయలు పండించువారు, నాటుకోళ్ళు పెంచువారు, మగ్గము నేయువారు కలరు. ఈ వస్తువులకు మద్దతు ధర లేదు; కొనుగోలు కేంద్రమును లేదు. వస్తువు ఇచ్చట నున్నది, కొనువాడు హైదరాబాదులో నున్నాడు. నడుమ సుమారు 100 కిలోమీటర్ల దూరము. 2022 సెప్టెంబరులో అక్కన్నపేటనుండి మెదక్ పట్టణమునకు రైలు వచ్చినది. రైలు రాకమునుపే సెల్‌ఫోను ప్రతి యింటికిని వచ్చియున్నది. ఆ ఫోను ద్వారా వస్తువులను అమ్ముకొనవచ్చునని అందరును చెప్పుచున్నారు. అది నిజమే. అయితే ఎట్లు అమ్మవలయునో, అమ్మకము లాభమునకో నష్టమునకో ఎట్లు తెలిసికొనవలయునో చెప్పువారు తక్కువ. ఈ వ్యాసమున మేము ఆ సంగతిని వివరింప దలచితిమి.

ఇందు పణముగా నున్నది చిన్న మొత్తము కాదు. సంఘమునందలి పదిమంది స్త్రీలు వారము వారము కూడబెట్టిన పొదుపు, దానిపై బ్యాంకు ఇచ్చిన అప్పు, ఆ వ్యాపారమున పెట్టుబడియై యుండును. ఎవరో వచ్చి, "ఫేస్‌బుక్కులో ప్రకటన వేయుడు, వేలమంది చూతురు" అని చెప్పగా అయిదువేలో పదివేలో వ్యయము చేయుదురు. నిజముగనే వేలమంది చూతురు. నెల గడచిన పిమ్మట సీసాలు ఇంటిలోనే యుండును. బ్యాంకు కిస్తీ మాత్రము గడువు తప్పక వచ్చును. చూచుట వేరు, కొనుట వేరు. ఈ భేదమును అంకెలలో పట్టుకొనుటయే ప్రస్తుతము పట్టణములలో గొప్పగా చెప్పుకొనుచున్న 'డేటా ఆధారిత డిజిటల్ మార్కెటింగ్' అను విద్య. పేరు పెద్దది గాని లోని పని మన అంగడి స్త్రీలకు తెలియనిది కాదు. వారపు సంతలో కూరలమ్ము అవ్వ ఏ వీధివారు ఏ కూర కొందురో, నెల మొదటి వారములో ఎంత, చివరి వారములో ఎంత అమ్ముడుపోవునో మనసులో లెక్క వేసికొనియే గంప నింపుకొనును. ఫోనులో కొనువారి ముఖము కానరాదు. ముఖమునకు బదులుగా అంకెలు కానవచ్చును. వానిని చదువుట నేర్వవలయును.

ఒక్క కొనుగోలుదారు

అంకెల మాటకు వచ్చుటకు ముందు మన జిల్లాలోనే జరిగిన యొక సంగతి చెప్పవలసియున్నది. మెదక్ పట్టణమునకు సమీపమున మంబోజిపల్లిలో చక్కెర కర్మాగారము కలదు. చుట్టుప్రక్కల రైతులు అనేక సంవత్సరములు దానిని నమ్మి చెరకు వేసిరి. బోధన్, మెట్‌పల్లి ప్రాంతముల కర్మాగారములతో పాటు ఇదియు 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు నరికిన వెంటనే గానుగకు పోవలసిన పంట. ఆలస్యమైన కొలది దాని తీపి తరుగును. కొనువాడు ఒక్కడే యయినపుడు, ఆ ఒక్కడు తలుపు మూసినచో ఎంత మంచి పంటయైనను పొలములోనే నిలిచిపోవును. రైతుల నైపుణ్యమున లోపము లేదు, పంటలో లోపము లేదు. వారికి రెండవ తలుపు లేదు, అంతే.

ఈ మాట ఇచ్చట ఏల యనగా, ఫోను ద్వారా అమ్మువారును తెలియకయే అటువంటి స్థితిలో పడుచున్నారు. ఒకే ఆన్‌లైను అంగడిపై, ఒకే ఫేస్‌బుక్ పేజీపై సర్వమును ఆధారపడియున్నచో, ఆ సంస్థవారు నిబంధన మార్చిన దినమున, ఖాతా నిలిపివేసిన దినమున, సంఘమువారి చేతిలో కొనువారి పేర్లు సైతము మిగులవు. కనుక మొదటి దినమునుండియే కొనువారి జాబితా సంఘము చేతిలో నుండవలయును. ఎవరు కొనిరి, ఏ ఊరు, ఏ వస్తువు, ఎన్ని పర్యాయములు, ఎవరి ద్వారా తెలిసికొని వచ్చిరి — ఇంతే చాలును. నూరు పుటల నోటుపుస్తకము దీనికి సరిపోవును. కంప్యూటరు వచ్చిన పిల్లవాడు ఇంటిలో నున్నచో దానినే ఎక్సెల్ పట్టికగా వ్రాయవచ్చును. పుస్తకమే ముందు, కంప్యూటరు తరువాత అని మా అభిప్రాయము. ఏలయనగా పుస్తకమును సంఘము సమావేశమున అందరును చూడగలరు.

అయిదు మెట్లు

ప్రకటన చూచినవానినుండి నమ్మకమైన ఖాతాదారు వరకు అయిదు మెట్లున్నవి. చూచినవారు, తాకినవారు, అడిగినవారు, కొన్నవారు, మరల కొన్నవారు. తాకుట యనగా ఫోనుతెరపై ప్రకటనను వ్రేలితో నొక్కి లోనికి వచ్చుట. మొదటి రెండు అంకెలను ప్రకటన వేసిన సంస్థయే చూపును. మూడవది మన ఫోనులో తెలియును. చివరి రెండింటిని మనమే వ్రాసికొనవలయును. ప్రకటనలు అమ్మువారు ఎల్లప్పుడును మొదటి అంకెనే పెద్ద అక్షరములతో చూపుదురు. అది పెద్ద అంకె కనుక!

ఉదాహరణమునకు ఒక సంఘమును ఊహించుకొందము. వారు అరకిలో ఆవకాయ సీసాలను హైదరాబాదుకు పంపుచున్నారు. మామిడికాయ, నూనె, కారము, సీసా, కూలి, పార్సెలు ఖర్చు పోగా సీసాకు 60 రూపాయలు మిగులుననుకొందము. వారు హైదరాబాదు నగరమువారికి కనబడునట్లు రెండు ప్రకటనలు వేసిరి. ఒక్కొక్క దానికి 500 రూపాయలు, ఒకే వారము. మొదటి దానిలో సీసా బొమ్మయు, "అమ్మ చేతి రుచి" అను మాటయు నున్నవి. రెండవ దానిలో ధర యెంత, ఏ నూనె వాడిరి, ఎన్ని గ్రాములు, ఏ దినమున పంపుదురు అని వ్రాసిరి.

మొదటి ప్రకటనను 9,000 మంది చూచిరి. 180 మంది తాకిరి, 20 మంది అడిగిరి, నలుగురు కొనిరి. రెండవ దానిని 4,000 మందియే చూచిరి. 80 మంది తాకిరి. కాని 30 మంది అడిగిరి, 12 మంది కొనిరి. చూచినవారి సంఖ్యనే చూచి సంతోషించువారు మొదటి ప్రకటనయే మేలనుకొందురు. పుస్తకము వేరుగా చెప్పును. మొదటి దానిలో ఒక్కొక్క కొనుగోలుదారును తెచ్చుటకు 125 రూపాయలు పట్టినవి. సీసాకు మిగులునది 60. అనగా ప్రతి సీసాకు 65 రూపాయలు చేతినుండి పోయినవి. రెండవ దానిలో ఒక్కొక్కరికి సుమారు 42 రూపాయలు పట్టినవి. ఆదాయము 720, ఖర్చు 500, మిగులు 220.

ఇంతటితో లెక్క ముగియలేదు. మొదటి ప్రకటన ద్వారా వచ్చిన నలుగురిలో ముగ్గురు ఆ సంవత్సరములో మరి రెండేసి సీసాలు తామే అడిగి తెప్పించుకొనిరనుకొందము. అప్పుడు ఆరు సీసాలకు 360 రూపాయలు చేరి, పోయిన 260 తిరిగి వచ్చి, 100 రూపాయలు మిగులును. రెండవ ప్రకటన ద్వారా వచ్చినవారిలో ఒక్కరును తిరిగి రానిచో వారి మిగులు 220 గానే యుండును. వ్యత్యాసము సగమునకు పైగా తగ్గినది. అయిదవ మెట్టు వ్రాసికొననివారికి ఈ సంగతి ఎన్నటికిని తెలియదు. మేము ఎరిగినంతలో పచ్చళ్ళు, పిండ్లు వంటి నిత్యోపయోగ వస్తువులలో వ్యాపారము నిలుచునది ఈ అయిదవ మెట్టుపైననే. క్రొత్తవారిని తెచ్చుటకు డబ్బు కావలయును, పాతవారిని నిలుపుకొనుటకు నాణ్యము చాలును.

మరి రెండు జాగ్రత్తలున్నవి. నలుగురికిని పన్నెండుగురికిని గల తేడా యదృచ్ఛగా కూడ రావచ్చును. కనుక ఒక వారము చూచి తీర్పు చెప్పరాదు. మరల రెండు మూడు వారములు పరీక్షింపవలయును. పండుగ వారమునకును, జీతములు రాని నెలాఖరు వారమునకును పోలిక పెట్టరాదు. రెండవది, ఒక పరీక్షలో ఒక్క విషయమునే మార్చవలయును. మాటలు మార్చినచో ఊరు మార్చకుడు. ఊరు మార్చినచో ధర మార్చకుడు. అన్నియు ఒక్కసారి మార్చినచో ఏది పని చేసినదో బ్రహ్మకును తెలియదు. ఎరువుల పరీక్షకు ఒకే పొలములో రెండు మళ్ళు ఎంచుకొని, ఒకదానికి వేసి ఒకదానికి వేయక చూచు రైతునకు ఈ నియమము క్రొత్త కాదు.

సరకు తిరిగివచ్చినపుడు కూడ లెక్కలో వ్రాయవలయును. సరకు చేరిన పిదప డబ్బిచ్చు పద్ధతిలో కొందరు పార్సెలును తీసికొనక త్రిప్పి పంపుదురు. రాకపోకల ఖర్చు సంఘముపై పడును. ఏ ప్రాంతమునుండి, ఏ ప్రకటన ద్వారా వచ్చినవారు ఎక్కువగా త్రిప్పిపంపుచున్నారో రెండు నెలల పుస్తకము చూచినచో తెలిసిపోవును. అట్టివారిని ముందుగా సగము సొమ్మైనను పంపుడని అడుగవచ్చును.

చేతిలోని పనిముట్లు

ఖర్చు లేని పనిముట్లనే ముందు వాడవలయును. 2018 జనవరిలో వెలువడిన వాట్సాప్ బిజినెస్ అను యాప్ చిన్న వ్యాపారులకై ఉద్దేశింపబడినది. అందులో వస్తువుల బొమ్మలు, ధరలు గల పట్టీ పెట్టుకొనవచ్చును. కొనువారి పేర్లపై 'క్రొత్తవారు', 'సొమ్ము రావలసినది', 'సరకు పంపినది' వంటి చీటీలు అంటించుకొనవచ్చును. పంపిన సందేశములెన్ని, చేరినవెన్ని, చదివినవెన్ని యని అదియే లెక్క చూపును. ఒకే సందేశమును పలువురికి పంపు ఏర్పాటు అందు కలదు గాని, మన నంబరును తమ ఫోనులో దాచుకొన్నవారికే అది చేరును. ఇది లోపముగా తోచవచ్చును. మాకు మాత్రము మేలుగనే తోచుచున్నది. అడుగనివారికి రోజూ సందేశములు పంపి విసిగించు అలవాటును అది కొంత అరికట్టుచున్నది.

కొనువారు వచ్చిపోవు దుకాణమో, కేంద్రమో ఉన్నచో దానిని గూగుల్ పటములో ఉచితముగా నమోదు చేసికొనవచ్చును. ఎందరు ఆ పటమునుండి ఫోను చేసిరో, ఎందరు దారి అడిగిరో, ఏ మాటలతో వెదకిరో ఆ నమోదు చూపును. మెదక్ చర్చికి, ఏడుపాయల వనదుర్గ ఆలయమునకు వచ్చు యాత్రికులు ఇప్పుడు దారిలో తినుటకు, కొనుటకు ఏమి దొరకునో ఫోనులోనే వెదకుచున్నారు. ఆ దారిలో దుకాణము గలవారు నమోదు చేసికొనకపోవుట కేవలము అశ్రద్ధ.

గూగుల్ ట్రెండ్స్ అను మరియొక సౌకర్యము కలదు. ఒక మాటను జనులు ఏ నెలలో ఎక్కువగా, ఏ రాష్ట్రములో ఎక్కువగా వెదకుచున్నారో అది గీతగా చూపును. 'కొర్రలు' అని గాని, 'ఆవకాయ' అని గాని వ్రాసి చూడవచ్చును. అచ్చటి అంకెలు 0 నుండి 100 వరకు మాత్రమే యుండును. 100 అనగా నూరుమంది కాదు. ఆ కాలములో ఆ మాటకు గల అత్యధిక ఆసక్తి అని యర్థము. ఈ సంగతి తెలియక పొరపడువారున్నారు. గీత ఎప్పుడు లేచునో చూచి, అంతకు నెల ముందు సరకు సిద్ధము చేసికొనుటకు అది ఉపకరించును.

కూరగాయలు, పసుపు, కందులు అమ్మువారికి ధరల సమాచారము ముఖ్యము. 2000 సంవత్సరమునుండి అగ్‌మార్క్‌నెట్ అను కేంద్ర ప్రభుత్వ వ్యవస్థ దేశములోని మార్కెట్టు యార్డుల ధరలను ప్రకటించుచున్నది. 2016 ఏప్రిల్ 14న జాతీయ వ్యవసాయ మార్కెట్టు, అనగా ఈ-నామ్, ఆరంభమైనది. నిజామాబాదు మొదలు దేశమందలి 1,300కు పైగా మార్కెట్లు అందులో చేరినవి. ఈ పట్టికలలో ప్రతి సరకునకును కనిష్ఠ ధర, గరిష్ఠ ధర, మోడల్ ధర అని మూడు ఉండును. గరిష్ఠ ధరను చూచి బండి కట్టరాదు. అది ఒకటి రెండు మేలురకపు కుప్పలకు వచ్చిన ధర కావచ్చును. ఎక్కువ సరకు ఏ ధరకు పోయినదో మోడల్ ధర చెప్పును. మన రాబడికి దానినే ఆధారముగా తీసికొనవలయును.

సమాచారము ఎప్పుడు డబ్బగును?

ధర తెలిసినంత మాత్రమున లాభము కలుగునా? ఈ ప్రశ్నకు మన దేశములోనే మూడు చోట్ల మూడు సమాధానములు దొరకినవి. వానిని కలిపి చూచినచో విషయము స్పష్టమగును.

1997 - 2001 మధ్య ఉత్తర కేరళ తీరమునకు సెల్‌ఫోను వచ్చినది. అంతకు ముందు మత్స్యకారులు పట్టిన చేపలను తమ ఊరి తీరముననే అమ్ముకొనుచుండిరి. ఒక తీరమున చేపలు మిగిలిపోయి సముద్రములో పారబోయుచుండగా, కొన్ని మైళ్ళ దూరమున మరియొక తీరమున చేపలు చాలక కొనువారు వట్టిచేతులతో తిరిగిపోవుచుండిరి. ఫోను వచ్చిన తరువాత పడవ నడిసముద్రమున నుండగనే ఏ రేవున ఏ ధర యున్నదో అడిగి, అచ్చటికే నడపుకొనిరి. రాబర్ట్ జెన్సెన్ అను ఆర్థిక శాస్త్రజ్ఞుడు దీనిని పరిశీలించి 2007లో ప్రకటించెను. చేపలు పారబోయుట దాదాపు నిలిచిపోయినది. మత్స్యకారుల లాభము సుమారు 8 శాతము పెరిగినది, కొనువారి ధర సుమారు 4 శాతము తగ్గినది. ఇరుపక్షములవారును బాగుపడిరి.

మధ్యప్రదేశములో 2000 సంవత్సరమునుండి ఐ.టి.సి. సంస్థవారు గ్రామములలో ఈ-చౌపాల్ అను కంప్యూటరు కేంద్రములు నెలకొల్పిరి. సోయా ధర అచ్చటనే తెలియును. కావలెనన్నచో ఆ సంస్థయే కొనును. దానివలన చుట్టుప్రక్కల మార్కెట్టులలో సైతము సోయా ధర 1 నుండి 3 శాతము వరకు పెరిగినదని 2010లో వెలువడిన పరిశోధన తెలిపినది. మహారాష్ట్రలో నూరు గ్రామములలో మరియొక పరిశీలన జరిగినది. రైతుల ఫోనులకు ధరలు, వాతావరణ విశేషములు సందేశములుగా పంపిరి. 2012లో ప్రకటించిన ఫలితము ప్రకారము, ఆ సందేశములు పొందిన రైతులకు వచ్చిన ధరలో చెప్పుకొనదగిన మార్పు లేదు.

ఈ తేడాకు కారణమును మేము ఇట్లు గ్రహించితిమి. కేరళ మత్స్యకారుని పడవకు చుక్కాని యున్నది. ధర తెలియగానే మరియొక రేవునకు త్రిప్పగలడు. మధ్యప్రదేశపు రైతునకు ధరతో పాటు రెండవ కొనుగోలుదారుడును ఎదుట నిలిచెను. ధర మాత్రమే తెలిసి, సరకును వేరొక చోటికి తరలించుటకు వీలు లేనివానికి, లేదా ఒకే వర్తకునివద్ద ముందుగా అప్పు తీసికొని పంటను అతనికే వేయవలసినవానికి, ఫోనులోని అంకె వినోదమే గాని ఉపయోగము కాదు. మంబోజిపల్లి చెరకు రైతునకు ఆనాడు దేశములోని చక్కెర ధరలన్నియు చదివి వినిపించినను ఏమి చేయగలడు?

కనుక డిజిటల్ పనిముట్లను కొనుటకు ముందు సంఘము తన్ను తాను అడుగవలసిన ప్రశ్న యిది: ఈ అంకె తెలిసిన పిమ్మట మనము ఏమి మార్చగలము? ధర మార్చగలమా, సరకు మార్చగలమా, పంపు దినము మార్చగలమా, ఊరు మార్చగలమా? ఏదియు మార్చలేనిచో ఆ అంకెకై సొమ్ము వ్యయము చేయవలదు. ముందు మార్చుకొను శక్తిని సంపాదింపవలయును. రెండు మూడు సంఘములు కలిసి ఒకే బండిలో సరకు పంపుకొనుట, ఒకే రకపు సీసాలను టోకున కొనుట, అప్పును వర్తకునివద్ద గాక బ్యాంకులో తీసికొనుట — ఇవి ప్రచారమువలె కానరావు గాని ప్రచారమునకు బలమిచ్చునవి ఇవియే.

మన పొరుగున జహీరాబాదు ప్రాంతము — 2016 వరకు అదియు మెదక్ జిల్లాలోనిదే — ఈ విషయమున గమనింపదగినది. అచ్చట పస్తాపూర్ కేంద్రముగా డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ స్త్రీల సంఘములు జొన్న, సజ్జ, కొర్ర మొదలగు పంటలను కాపాడుకొని వచ్చినవి. సంక్రాంతి వేళ ఎడ్లబండ్లపై విత్తనములు అలంకరించి ఊరూర త్రిప్పు పాత పంటల జాతర వారిది. 2008 అక్టోబరులో మాచునూరునందు సంఘం రేడియోను వారే ఆరంభించి వారే నడపిరి. జనులు చిరుధాన్యములను పేదల తిండియని చులకన చేయు దినములలోనే వారు ఆ పంటలను గూర్చి మాటలాడుచుండిరి. 2023ను ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించునప్పటికి వారివద్ద చెప్పుటకు మూడు దశాబ్దములకు మించిన అనుభవము సిద్ధముగా నుండెను. పట్టణపు వర్తకుడు ఎంత సొమ్ము పోసినను ఆ అనుభవమును కొనలేడు. సిద్దిపేట గొల్లభామ చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది కూడ ఇటువంటి ప్రత్యేకతకే. తలపై కుండ పెట్టుకొన్న గొల్లభామ బొమ్మను మగ్గముపై నేయుట ఆ ఊరి విద్య. అంకెలు ఎవరికి చెప్పవలయునో, ఎప్పుడు చెప్పవలయునో తెలుపును. ఏమి చెప్పవలయునన్నది మాత్రము వస్తువునుండియే రావలయును. వట్టి "రుచికరము, శ్రేష్ఠము" అను మాటలు ఎవరి సీసాకైనను అంటించవచ్చును గనుక ఎవరి సీసాకును అవి చాలవు.

కొనువారి నమ్మకము

కొనువారి ఫోను నంబరు, చిరునామా మనకు అప్పగించిన సొత్తు వంటివి. ఆ జాబితాను వేరొకరికి అమ్ముటయు, ఉచితముగా ఇచ్చుటయు తప్పు. 2023లో పార్లమెంటు వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణకై ప్రత్యేక చట్టమును చేసినది. వద్దని చెప్పినవారి పేరును వెంటనే తొలగింపవలయును. ఆహార పదార్థములు అమ్మువారు ఆహార భద్రతా ప్రమాణముల సంస్థవద్ద నమోదు చేయించుకొని, ఆ 14 అంకెల సంఖ్యను సీసాపై ముద్రింపవలయును. తయారు చేసిన తేదీని, వాడదగిన గడువును దాచరాదు.

మోసగాండ్రను గూర్చి ఒక మాట. "పెద్ద ఆర్డరు ఇచ్చెదము, ముందుగా సొమ్ము పంపుచున్నాము, ఈ క్యూ.ఆర్. గుర్తును స్కాను చేసి పిన్ నొక్కుడు" అని ఫోను చేయువారుందురు. ఫోను ద్వారా సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ నొక్కవలసిన పని ఎన్నడును లేదు. పిన్ నొక్కితిమనగా మనమే సొమ్ము పంపుచున్నామని యర్థము. ఓ.టి.పి. సంఖ్యను ఎవరికిని చెప్పరాదు. మోసము జరిగినచో ఆలసింపక 1930 నంబరునకు ఫోను చేయవలయును; సొమ్ము చేతులు మారకముందే నిలిపివేయుటకు మొదటి గంటలే ముఖ్యము.

ప్రకటనల ఫలితమును లెక్కించుట ఫోనులతో పుట్టిన విద్య కాదు. అమెరికాలో క్లాడ్ హాప్కిన్స్ అను ప్రకటనల రచయిత 1923లో దీనిపై గ్రంథమే వ్రాసెను. ఆ కాలపు వర్తకులు పత్రికలలో ప్రకటనతో పాటు కత్తిరించి పంపదగిన కూపనులు ముద్రించి, ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క గుర్తు వేసెడివారు. తిరిగి వచ్చిన కూపనుల గుర్తులు చూచి ఏ ప్రకటన పని చేసినదో తేల్చుకొనెడివారు. ఈ ఉపాయమునకు కంప్యూటరు అక్కర లేదు. మెదక్ చర్చి 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠింపబడినది. నాటినుండి ప్రతి క్రిస్మసుకును జనము వచ్చుచున్నది. మంజీరా ఏడు పాయలుగా చీలిన చోట మహాశివరాత్రికి జాతర జరుగుచున్నది. క్రిస్మసునాడు అమ్ము సీసాలపై 'క' అను అక్షరమును, జాతరలో అమ్ము వానిపై 'శ' అను అక్షరమును, ఫేస్‌బుక్ ప్రకటన ద్వారా పంపు వానిపై 'ఫ' అను అక్షరమును, వానితో పాటు సంఘము ఫోను నంబరును ముద్రింపుడు. తరువాత రెండవ సీసా కావలెనని ఎవరైనను ఫోను చేసినపుడు, "మీ సీసాపై ఏ అక్షరమున్నదమ్మా?" అని అడిగి పుస్తకములో ఒక గీత గీయుడు. ఉగాది సమావేశమున ఆ పుట తెరచి మూడు వరుసల గీతలను లెక్కించినచో, రాబోవు సంవత్సరమున ప్రకటనకై ఉంచిన సొమ్మును ఎచ్చట వ్యయము చేయవలయునో సంఘమువారే నిర్ణయించుకొనవచ్చును.